ఇద్దరి మధ్య బంతి

“ఈసారి ఎవరిని పెట్టమంటారు, అయ్యవారూ?”

చెంగల్రాయుడు ఈ ప్రశ్న అడగడం ఇది మొదటిసారి కాదు. మదనపల్లెలో టమాటా మండీ నడిపి పైకొచ్చిన మనిషి. పదో తరగతితో ఆగిపోయిన తన చదువు తన వైపు పిల్లలకైనా అందాలని పీలేరు దారిలో జూనియర్ కాలేజీ కట్టించాడు. ఖర్చుకు వెనకాడే రకం కాదు. విజయవాడ నుంచి పేరున్న ప్రిన్సిపాల్‌ను తెచ్చాడు. ఫలితాలు రాలేదని ఆయన్ను పంపించి, నెల్లూరు నుంచి ఇంకొకాయనను తెచ్చాడు. వచ్చినవాళ్లు తమ లెక్చరర్లను వెంటబెట్టుకుని వచ్చారు, వెళ్లేటప్పుడు వాళ్లను ఇక్కడే వదిలి వెళ్లారు. ఇప్పుడున్న వసుంధర గారిని కూడా ఈ వేసవిలో మార్చేద్దామనుకుని, సలహా కోసం హార్స్‌లీ కొండ కింద ఉండే భుజంగరావు గారి దగ్గరికి వచ్చాడు.

భుజంగరావు గారు కాషాయం కట్టిన గురువు కాదు. ఇంగ్లండులో చాలాకాలం ఎముకల డాక్టరుగా పనిచేసి, భార్య పోయాక తిరిగివచ్చి, ఆ కొండ కింద చిన్న పెంకుటింట్లో ఉంటున్నారు. సాయంత్రాలు నలుగురు చేరితే ఉపనిషత్తులు చదివి అర్థం చెబుతారు కాబట్టి చుట్టుపక్కల అందరికీ ఆయన అయ్యవారు. అడిగినదానికి సూటిగా జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజు కూడా మజ్జిగ గ్లాసు కింద పెట్టి, “నేను ఇంగ్లండులో ఉన్నప్పుడు ఇబ్రహీమా అని ఒక ఫుట్‌బాల్ ఆటగాడు మోకాలు చూపించుకోవడానికి వచ్చేవాడు” అని మొదలుపెట్టారు.

ఇబ్రహీమా సెనెగల్ దేశస్థుడు. గోల్ ముందు నిలబడి ఎదుటి జట్టువాళ్లను అడ్డుకునే డిఫెండర్. పొడగరి, మాట తక్కువ. ఫ్రాన్సులో ఆడుతున్న అతణ్ణి ఇంగ్లండులో అన్నిటికన్నా పై శ్రేణిలో ఆడే రావెన్‌షోర్ అనే క్లబ్బు కొనుక్కుంది.

“మనుషుల్ని కొంటారా అయ్యవారూ?” అన్నాడు రాయుడు.

“కొంటారు. జట్టు చొక్కా తొడిగి, ఫొటో తీసి మరీ కొంటారు” అన్నారాయన.

ఆ క్లబ్బును అప్పుడే చేతిలోకి తీసుకున్న యజమాని పేరు గ్రాంట్‌లీ. ఓడల వ్యాపారి. చెడ్డవాడు కాదు. చిన్నతనంలో టికెట్టు కొనలేక ఆ మైదానం గోడ బయట నిలబడి లోపలి కేకలు విన్నవాడు. జట్టు గెలవాలన్న అతని కోరికలో కల్తీ లేదు. ఆగడం మాత్రం అతనికి చేతకాదు. గెలుపు ఆలస్యమైతే ఎవరో అడ్డుపడుతున్నారని అనుకునేవాడు.

అక్కడ జట్టుకు ఆట నేర్పి నడిపించే పెద్దను మేనేజర్ అంటారు. ఇబ్రహీమాను కోరి తెప్పించుకున్నది మార్టెన్స్ అనే మేనేజర్. అతను సెనెగల్‌లో ఉన్న ఇబ్రహీమా తల్లికి స్వయంగా ఫోన్ చేసి, “మీ అబ్బాయి నా బాధ్యతమ్మా” అని మాటిచ్చాడు. రోజూ మైదానంలో పక్కన నిలబడి ఒకే పాఠం చెప్పేవాడు. “నీ వెనక పడ్డ బంతి నీది కాదు. అది గోల్‌కీపర్ చూసుకుంటాడు. నువ్వు మనిషిని ఆపు, చాలు.” ఇబ్రహీమా ఆ మాటను ఒంటబట్టించుకున్నాడు. ఇక ఆలోచించనక్కర లేకుండా కాళ్లే పాటించేటంతగా.

చెట్ల ఆకులు రాలే కాలానికి జట్టు వరసగా ఓడింది. మార్టెన్స్‌ను తీసేసిన సంగతి ఇబ్రహీమా క్యాంటీన్ టీవీలో చూసి తెలుసుకున్నాడు. ఫోన్ చేస్తే మార్టెన్స్, “బాగా ఆడు” అన్నాడు.

తర్వాత వచ్చిన కోవాచ్‌కు తన మనుషులు కావాలి. గ్రాంట్‌లీ కొనిచ్చాడు. పాతవాళ్లను కార్ల పార్కింగు పక్కనున్న చిన్న మైదానానికి పంపారు. ఇబ్రహీమా అక్కడే ఒంటరిగా పరుగెత్తేవాడు. జీతం సమయానికి అందేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించేది. పెద్ద మైదానం వైపు నుంచి నవ్వులు వినిపించినప్పుడు బూటు తాళ్లు సరిచేసుకునే నెపంతో వంగి కూర్చునేవాడు. ప్రతి వారం తల్లి ఫోన్ చేసి, “టీవీలో కనబడడం లేదేం నాయనా?” అని అడిగేది. మోకాలు నొప్పి అని చెప్పేవాడు. అలా చెప్పడం మొదలుపెట్టాకే భుజంగరావు గారి దగ్గరికి వచ్చాడు.

ఆయన పరీక్ష చేసి, “నీ మోకాలికేమీ లేదయ్యా” అన్నారు.

“తెలుసు డాక్టర్” అన్నాడు ఇబ్రహీమా. “కానీ అమ్మకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.”

చలికాలంలో కోవాచ్ బ్రెజిల్ నుంచి రెనాటో అనే గోల్‌కీపర్‌ను తెప్పించుకున్నాడు. అతనికి నేర్పింది వేరు. “గోల్ గీత వదిలి ముందుకు రావద్దు. నీ ముందు పడ్డ బంతిని డిఫెండర్లు చూసుకుంటారు.” రెనాటో అదే నేర్చుకున్నాడు. అతను సరిగ్గా కుదురుకునేలోపే కోవాచ్‌ను కూడా పంపించేశారు. మిగిలిన కొద్ది ఆటలకు హాల్‌డేన్ అనే వయసు మళ్లిన మేనేజర్‌ను పట్టుకొచ్చారు. అప్పటికి జట్టు అట్టడుగున ఉంది. ఆఖరి ఆటలో ఓడిపోకుండా ఉంటే చాలు, పై శ్రేణిలో నిలుస్తారు. ఓడితే కింది శ్రేణికి పడిపోతారు. పడితే క్లబ్బును నమ్ముకుని బతికే ఊళ్లో సగం మంది పనులు పోతాయి.

సరిగ్గా ఆ వారమే డిఫెండర్లిద్దరు గాయపడ్డారు. హాల్‌డేన్ చిన్న మైదానానికి నడిచివచ్చి ఇబ్రహీమాను పిలిచాడు. ఆ సంగతి విని సెనెగల్‌లో వాళ్ల వీధివీధంతా ఒక్క టీవీ ముందు చేరింది.

ఆ రోజు సన్నగా వాన. ఇబ్రహీమా ఎన్నాళ్లుగానో దాచుకున్న బలమంతా పెట్టి ఆడాడు. రెనాటో రెండు గోల్స్ ఆపాడు. ఆట ముగియవస్తుండగా, ఎటు నుంచో మామూలు బంతి ఒకటి ఎగిరివచ్చి, గోల్‌కీపర్‌కూ డిఫెండర్‌కూ మధ్య తడిగడ్డిలో పడింది. చిన్నపిల్లలు కూడా ఆపగలిగిన బంతి. ఇబ్రహీమా దాని వైపు వెళ్లలేదు. చేతులు చాచి ఎదుటివాణ్ణి అడ్డుకుని నిలబడ్డాడు. రెనాటో గీత మీద నిలబడ్డాడు. ఇద్దరూ బంతిని చూస్తున్నారు. ఇద్దరూ రెండోవాడి కోసం చూస్తున్నారు. పక్కనుంచి ఎదుటి జట్టు ఆటగాడు ఇంకొకడు పరుగెత్తుకొచ్చి బంతిని మెల్లగా గోల్‌లోకి తోశాడు. గట్టిగా తన్నే అవసరం కూడా రాలేదు. అంత పెద్ద మైదానంలో వాన చప్పుడు వినబడింది.

ఆ ఒక్క గోల్‌తో జట్టు ఓడి కింది శ్రేణికి పడిపోయింది. ఆ తర్వాత జరిగింది ఇబ్రహీమాయే భుజంగరావు గారికి చెప్పాడు. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదికి గ్రాంట్‌లీ వచ్చాడు. కోపంగా లేడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఆ బంతి ఎవరిది?” అని అడిగాడు.

“వదిలెయ్యమని మార్టెన్స్ చెప్పారు” అన్నాడు ఇబ్రహీమా.

“గీత వదలొద్దని కోవాచ్ చెప్పారు” అన్నాడు రెనాటో.

గ్రాంట్‌లీ హాల్‌డేన్ వైపు తిరిగాడు. ఆ ముసలాయన తడిసిన కోటు విప్పుతూ, “నేనింకా అంతదాకా రాలేదండీ. వీళ్ల పేర్లే ఇప్పుడిప్పుడు నోటికి వస్తున్నాయి” అన్నాడు.

ఆ సాయంత్రమే హాల్‌డేన్‌ను పంపించేశారు. ఇబ్రహీమాను టర్కీలో ఒక జట్టుకు అరువిచ్చారు. అక్కణ్ణుంచి మరో దేశానికి, ఆ తర్వాత ఎటు వెళ్లాడో భుజంగరావు గారికి తెలియదు. వెళ్లేముందు చెప్పిపోదామని వచ్చినప్పుడు మాత్రం, తల్లి ఫోన్లో తిట్టలేదనీ, ఏడవలేదనీ చెప్పాడు. “ఎందుకలా నిలబడిపోయావు నాయనా?” అని ఒక్కటే అడిగిందట.

కొండ మీది నుంచి దిగుతున్న బస్సు మలుపులు తిరుగుతుంటే చెంగల్రాయుడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

“ఆ యజమాని తర్వాత ఏం చేశాడు అయ్యవారూ?”

“ఇంకా పెద్ద పేరున్న మేనేజర్‌ కోసం మనుషుల్ని పంపాడు.”

“అంతమందిని మార్చినా తప్పెక్కడుందో దొరకలేదా?”

భుజంగరావు గారు మోకాళ్ల మీద చేతులానించి మెల్లగా లేచారు.

“ఆ క్లబ్బులో ఎవరూ పంపించలేని మనిషి ఒక్కడే ఉన్నాడు, రాయుడూ” అన్నారు.