ఊ కొట్టే సఫియమ్మ

అనగనగా ఒంటెలు తిరిగే దేశంలో ఒక ఊరర్రా. ఆ ఊళ్ళో సఫియమ్మని ఓ పేదరాలు ఉండేది. ముతక గొంగళి కప్పుకుని, దొరికింది తిని, పొద్దస్తమానం దేవుణ్ణే తలుచుకునేది. అలా గొంగళి కప్పుకుని తిరిగే భక్తుల్నే సూఫీలంటారు. ఒరే మస్తానూ, కాళ్ళు ముడుచుకో, చెల్లిని తన్నకు.

ఊళ్ళో అందరూ దేవుణ్ణి అడిగేవాళ్ళే. ఒంటె ఈనాలని ఒకడు, ఓడ చేరాలని ఒకడు, అత్త నోరు మూతపడాలని ఒకత్తి, కోడలి నోరు మూతపడాలని ఇంకొకత్తి! సఫియమ్మ మాత్రం ఏమీ అడిగేది కాదు. మసీదు మెట్ల మీద కూర్చుని ఊ, ఊ అంటూ ఉండేది. మీరూ కొడుతున్నారా ఊ? ఆఁ, అలాగే. ఎవరికే నువ్వు ఊ కొట్టేదని జనం నవ్వారు. అందరూ ఆయనకి చెప్పేవాళ్ళే, ఆయన చెప్పేది వినే మనిషి ఒకరైనా ఉండొద్దూ అందిట. ఎంత మాటో చూడండి! నాకు అందుకే ఆవిడంటే అంత ఇష్టం.

ఆ ఊరి రాజుకి నిద్రపట్టని జబ్బు. వైద్యులు నూరారు, పూశారు, తాగించారు. కునుకు లేదు. ఊసుపోక పగలంతా నగారాలు మోగించుకుంటూ, భట్రాజుల చేత పొగిడించుకుంటూ కూర్చునేవాడు. కోట గుమ్మం దగ్గరేమో నీళ్ళు మోసి బతికే ఓ ముసలిది ఒకటే ఏడుపు. రాజుగారి గుర్రానికి అడ్డమొచ్చాడని కొడుకుని చెరలో వేశారు. వాడికి లోపల జ్వరం, ఇవాళో రేపో అన్నట్టున్నాడు. ఆ నగారాల మోతలో దాని గోడు ఎవరికి వినపడుతుంది?

దేవుడి మాట వినే మనిషి ఒకత్తి ఉందని తెలిసి రాజు సఫియమ్మని పిలిపించాడు. లోపలికి వెళ్తూ ఆవిడ ముసలిదాని పక్కన చతికిలబడి, గోడంతా విని, ఊ కొట్టి మరీ వెళ్ళింది. దేవుడు నా గురించి ఏమన్నాడో చెప్పు, చెప్పకపోతే నిన్నూ చెరలో తోయిస్తానన్నాడు రాజు. ఆవిడ బెదిరితేనా! నేను చెప్పడమెందుకు, మీరే వినండి, ముందా నగారాలు ఆపించండి, నోరెత్తకుండా ఊ కొట్టండి అంది.

నగారాలు ఆగాయి. భట్రాజులు ఆగారు. అప్పుడు వినపడింది ఏడుపు. రాజు ఊ అన్నాడు. మళ్ళీ ఏడుపు. రాజు గద్దె దిగి గుమ్మం వైపు చూశాడు.

"ఎవరమ్మా అది?" అన్నాడు.

"నన్నడుగుతారేం నాయనా? చెబుతున్నాడుగా దేవుడు. వినండి."

రాజు చెప్పులైనా వేసుకోకుండా గుమ్మం దగ్గరికి పరుగెత్తి, ముసలిదాని గోడంతా విన్నాడు. తనే చెర తలుపు తీసి, పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. వైద్యులంతా వాడి చుట్టూ చేరారు, వాడు బతికాడు. రాజు ఆ గుమ్మంలోనే గోడకి చేరబడి నిద్రపోయాడు. ఆ గురకకి గుర్రాలు బెదిరాయట!

కావలసింది దేవుణ్ణి అడగండి, నేను వద్దన్నానా? అడిగాక కాస్త నోరు మూసుకుని, పక్కన ఎవరేడుస్తున్నారో వినండి. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పటి ముసుగెట్టండి.