అలుగు వీపు మీది రాళ్లు

ఇప్పుడు ఒంటినిండా గట్టి పొలుసులతో తిరిగే అలుగు ఒళ్లు ఒకప్పుడు తాటిముంజెలా మెత్తగా ఉండేది. నోటినిండా పళ్లు కూడా ఉండేవి. నమ్మరు కదూ? కథ అయ్యేదాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత తగువాడుకుందాం.

ఎర్రమల కొండల్లో జంతువుల పిల్లలకు ఎండాకాలంలోనే బడి. ఎందుకంటే అప్పుడే వంకల్లో నీళ్లింకిపోయి అడుగు బండలు బయటపడతాయి. రాళ్ల పాఠం చెప్పడానికి అంతకన్నా మంచి అదను లేదు. చెప్పే అయ్యవారు ముసలి ఉడుము. ఆయన బండను పట్టుకుంటే వదలరు. పాఠం పట్టుకున్నా అంతే.

ఆ ఏడు ఆయన వెంట ఇద్దరే బయలుదేరారు. ఒకరు కుందేలు కూతురు ఓబులమ్మ, రెండోవాడు అలుగు కొడుకు సుంకన్న. పగలంతా వంక వెంబడి నడక, పొద్దు వాలితే ఏదో ఒక బండ చాటున బస. సుంకన్న పుట్టింది మట్టి బొరియలో. వాళ్లమ్మ జన్మలో ఒక్క మంచి రాయిని చూసి ఎరగదు. అందుకే వాడికి రాయి కనపడితే పండగే.

"బాగా చూడండి, తట్టండి, కొంచెం కొరకండి" అన్నారు అయ్యవారు. "పంటి కింద కరకరలాడితే అది ఇసుకరాయి. మెత్తగా జారితే బంకమన్ను గట్టిపడిన రాయి. చూసినాక మాత్రం ఎక్కడిది అక్కడే పెట్టేయాల. తీసుకపోయినోళ్లకు వచ్చే ఏడు నా బడిలో చోటు లేదు."

సుంకన్న అన్నీ శ్రద్ధగా విన్నాడు, చివరి ముక్క తప్ప.

ఒకచోట బండ మీద అలలు అలలుగా గీతలున్నాయి. "ఇక్కడ సముద్రం ఉండె" అన్నారు అయ్యవారు.

"మరి చేపలేవి అయ్యోరూ?" అంది ఓబులమ్మ.

"ఇది చేపలు పుట్టకముందటి సముద్రం తల్లీ."

సుంకన్న ఆశ్చర్యంతో నోరు తెరిచాడు. తెరిచిన నోరు ఊరికే మూయడం ఎందుకని ఆ బండను కొరికాడు. ఒక పన్ను పోయింది.

అక్కడితో ఆగితే వాడు సుంకన్న ఎందుకవుతాడు? నాపరాయిని కొరికాడు, సుద్దరాయిని కొరికాడు, ఎర్రరాయిని రెండు వైపులా కొరికాడు. "ఏందిరా, బండను బువ్వ అనుకుంటివా?" అని ఓబులమ్మ పడీపడీ నవ్వింది. చివరికి తెల్లటి పలుగురాయి దగ్గర ఆఖరి పన్ను కూడా రాలిపోయింది.

"పలుగురాయి చాలా గట్టిది అయ్యోరూ" అన్నాడు వాడు బోసినోటితో.

"ఆ సంగతి నేను మొదటి రోజే చెప్పినా, ఒక్క పన్నూ పోగొట్టుకోకుండా" అన్నారు అయ్యవారు.

పళ్లు పోయినా సుంకన్నకు బెంగ లేదు. వాడి ధ్యాసంతా రాళ్ల మీదే. పలుచటి పలకరాయి కనపడితే చాలు, దాని వెనక తుమ్మజిగురు పూసి ఒంటికి అంటించుకునేవాడు. అమ్మకు చూపించాలని వాడి ఆశ. తల మీద, వీపు మీద, తోక మీద, కడుపు మీద, ఎక్కడ చూసినా పలకలే. నడుస్తుంటే గిన్నెల బుట్ట కదిలినట్టు చప్పుడు.

ఆఖరి రోజు సాయంత్రం బస దగ్గర అయ్యవారు వాడిని పిలిచారు. "ఇంగ చాలు నాయనా. అన్నీ తీసి పెట్టేయి. రాయిని దాని చోటు నుంచి లాగేస్తే, దాని కథ చెప్పేవాళ్లెవరూ ఉండరు."

సుంకన్నకు ఏడుపొచ్చింది. రాళ్లుంచుకుంటే బడి పోతుంది, బడి కావాలంటే రాళ్లు పోతాయి. బడే కావాలనుకున్నాడు. ముక్కు చీదుకుంటూ చేతికందే కడుపు మీది పలకలను ఒక్కొక్కటే తీసి పేర్చాడు. నీడపట్టున ఉన్నవి కాబట్టి సులువుగానే వచ్చాయి. ఇక వీపు మీదివి తీయాలి.

అంతలో పొదలు కదిలాయి. చిరుతపులి.

అయ్యవారు చటుక్కున బండ నెర్రెలో దూరారు. "సుంకా, ఆ పలకలు దులిపేసి లోపలికి రా" అని అరిచారు. పలకలతో వాడు ఆ సందులో పట్టడు. దులుపుకుంటే పట్టేస్తాడని ఆయన లెక్క. కానీ ఓబులమ్మ ఇంకా బయటే ఉంది. పొద్దున పదునైన రాయి గుచ్చుకుని ఆమె కాలు వాచింది, లేవలేకపోతోంది.

సుంకన్నకు నిజంగా చాలా భయమేసింది. అయినా నెర్రె వైపు పోలేదు. గలగలమంటూ ఓబులమ్మ దగ్గరికి పరుగెత్తాడు, ఆమెను మెత్తటి కడుపుకు అదుముకున్నాడు, తోకను తల మీదికి లాక్కుని గుండ్రంగా చుట్టుకుపోయాడు.

చిరుత కొరికింది. కటుక్కుమంది. ఇంకోవైపు తిప్పి కొరికింది. మళ్లీ కటుక్కుమంది. పంజాతో దొర్లించి చూసింది, వాసన చూసింది, దవడ నిమురుకుంది.

"ఈ అడవిలో రాళ్లకు కూడా ప్రాణమొచ్చిందే" అని గొణుక్కుంటూ, నొప్పెడుతున్న దవడతో వెళ్లిపోయింది.

చాలాసేపటికి గానీ సుంకన్న విప్పుకోలేదు. విప్పుకున్నాక చెప్పిన మాట ప్రకారం వీపు పలకలు తీయబోయాడు. రాలేదు. ఇన్నాళ్ల ఎండకు జిగురు రాయిలా బిగిసిపోయింది. ఓబులమ్మ లాగింది. అయ్యవారు తన ఉడుంపట్టు పట్టి లాగి, వెల్లకిలా పడ్డారు.

"అయితే నాకు బడి లేదా అయ్యోరూ?" అన్నాడు సుంకన్న, కళ్లనిండా నీళ్లతో.

అయ్యవారు దుమ్ము దులుపుకుని వాడి వీపు నిమిరారు. "రాళ్లు నువ్వు తీసుకపోవడం లేదులే. అవే నీతో వస్తాండాయి. వచ్చే ఏడు పొద్దున్నే వచ్చేయి. కొరికి చూసే పని మాత్రం ఓబులమ్మది."

అప్పటినుంచే అలుగుకు ఒంటినిండా పలకలు, కడుపు మాత్రం మెత్తన. అప్పటినుంచే దానికి పళ్లు లేవు, చీమలనూ చెదలనూ పొడుగాటి నాలుకతో నాక్కుని తింటుంది. ఆపద వస్తే ఈనాటికీ గుండ్రంగా చుట్టుకుంటుంది. పక్కన పిల్ల ఉంటే మాత్రం వెంటనే చుట్టుకోదు. ముందు పిల్లను కడుపులోకి లాక్కుంటుంది.