మంచం కోడుకు కట్టిన ముడి

ఏనుగులకంటే అనుమానాలు ఎక్కువగా ఉన్న రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ఏలే ప్రచండవర్మకు ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారని అనుమానం, నవ్వకపోతే ఏం దాస్తున్నారని అనుమానం. పడకగది కిటికీలకు మేకులు కొట్టించాడు. వడ్డించిన అన్నం నలుగురు రుచి చూశాక, అది చల్లారి గడ్డకట్టాక, గబగబా మింగేవాడు. ఇక నిద్ర అంటారా, అది ఆ కోట గడప తొక్కడం మానేసి చాలాకాలమైంది.

రాజవైద్యుడు ఉండబట్టలేక, "ప్రభూ, పొద్దున్నే కాస్త నడవండి. నెమ్మదిగా భోంచేయండి. మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోండి" అన్నాడు.

"నడిస్తే పొదల్లోంచి బాణం వేస్తారు. మనసులోది చెబితే పక్క రాజుకు మోస్తారు. ఇదంతా నీకు నేర్పి పంపిందెవరు?" అన్నాడు రాజు.

వైద్యుడు మందుల సంచి సర్దుకుని బయటపడ్డాడు.

ఒకనాడు రాజుగారి మంచం కోడుకు ముడివేసిన ఎర్ర పేలిక కనిపించింది. అది పక్కలు వేసే గురవమ్మ చీరకొంగులోది. ముసలామెకు మతిమరుపు. ఏ పని గుర్తుండాలన్నా కొంగుకు ముడి వేసుకునేది. ఈమధ్య కొంగు చూసుకోవడమే మరిచిపోతున్నానని, కళ్లెదుట ఉంటుందని పేలిక చింపి అక్కడ కట్టింది. దేనికి కట్టిందో మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు.

"చేతబడి" అన్నాడు రాజు. "నా నిద్రను ఇందులోనే బిగించారు. ఎవరు చేయించారో పున్నమిలోగా చెప్పకపోతే ఈ ముసలిదాన్ని దేశం దాటించండి."

ఆస్థానకవి తిప్పన చెరసాలకు పరుగెత్తాడు. తల్లి లేని తనకు చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టింది గురవమ్మే.

"బాగా ఆలోచించు, అత్తా."

"ఆలోచిస్తూనే ఉన్నా, నాయనా. దేన్ని గురించి ఆలోచిస్తున్నానో మధ్యలో జారిపోతోంది. దేశం దాటిస్తే నాకు తిరిగొచ్చే దారి కూడా గుర్తుండదు."

తిప్పన చెరసాల నుంచి బయటికొచ్చాడు. తిన్నగా రాజు దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు.

"ప్రభూ, మీ నిద్ర దొంగిలించినవాణ్ణి నేను పట్టిస్తాను. పట్టించాక ముసలమ్మను వదిలేయండి. అంతవరకు ఆ ముడి విప్పకండి. విప్పితే దొంగ జాగ్రత్తపడతాడు."

రాజు కళ్లు చికిలించాడు. "ఇందులో నీకేమిటి లాభం?"

"మీకు నిద్రపడితే, నట్టనడి రాత్రి నన్ను లేపి పద్యం చెప్పమనరు గదా."

లాభమున్న మనిషి కాబట్టి రాజుకు కాస్త నమ్మకం కుదిరింది.

"కుట్రదారులు తెల్లవారుజామున తోటలో కలుస్తారు. చెప్పులు చప్పుడు చేస్తాయి, విప్పేయండి" అన్నాడు తిప్పన. రాజు మంచుతడి గడ్డిలో ఒట్టి కాళ్లతో, పొద పొదనూ తొంగిచూస్తూ నడిచాడు.

"ఆ గువ్వ రోజూ అదే కొమ్మకు ఎందుకొస్తోంది?"

"కనిపెట్టి చూడాల్సిందే, ప్రభూ."

రాజు ఎండ ఎక్కేదాకా గువ్వను కనిపెట్టి చూశాడు.

"విషం నాలుకకు ఆలస్యంగా తెలుస్తుందట. వంటశాలలోనే కూర్చుని, దించింది దించినట్టు వడ్డించుకుని, ప్రతి ముద్దా నమిలి చూడండి" అన్నాడు తిప్పన. రాజు గోంగూర పప్పు నమిలి, నమిలి, తలెత్తాడు. "ఇంత రుచా? ఆ నలుగురూ ఇన్నాళ్లూ నా దగ్గర దాచింది ఇదన్నమాట."

సాయంత్రం తిప్పన ఒక మట్టికుండ తెచ్చాడు. "ఎవరెవరి మీద అనుమానమో ఇందులో చెప్పి మూత పెట్టండి. ఇది ఎవరికీ మోయదు." రాజు కుండ అడుగున చిల్లు ఉందేమోనని తడిమి చూసుకుని మొదలుపెట్టాడు. దీపాలు పెట్టినా ఆపలేదు. పోనుపోను మాటలు తగ్గాయి. ఒక సాయంత్రం కుండలోకి చూస్తూ చాలాసేపు కూర్చుని, ఏమీ తోచక మూత పెట్టేశాడు.

తిప్పనకు మాత్రం భయం పోలేదు. రాజు మధ్యమధ్య ఆగి తనకేసి అదోలా చూస్తున్నాడు. "తోటలో ఒక్కడూ దొరకలేదు. నువ్వు నన్ను ఎటు నడిపిస్తున్నావు?" అన్నాడొకసారి. తిప్పన తడబడి గువ్వను చూపించాడు.

పున్నమి రానే వచ్చింది. ఆరోజు తెల్లవారుజామున రాజు తోటకు రాలేదు. మిట్టమధ్యాహ్నం భటులు వచ్చి తిప్పనను కొలువుకు తీసుకుపోయారు. నా గుట్టు బయటపడింది, అత్తతోపాటు నేనూ దేశం దాటాల్సిందేనని అనుకున్నాడతను.

రాజు జుట్టు చెదిరి ఉంది. "సూర్యుడు నెత్తిమీదికొచ్చేదాకా నన్నెవరూ లేపలేదు. ఏమిటీ కుట్ర?"

"మీరు నిద్రపోయారు, ప్రభూ."

రాజు కళ్లు నులుముకున్నాడు.

"ముడి ఇంకా కోడుకే ఉంది" అన్నాడు తిప్పన. "అది చేతబడే అయితే, ఇంత చేతగాని చేతబడి నేనెక్కడా చూడలేదు."

"మరి దొంగ ఏడీ? పట్టిస్తానన్నావుగా."

"ఆయన్ని రోజూ తెల్లవారుజామున చెప్పుల్లేకుండా తోటంతా నడిపించాను, ప్రభూ. వేడివేడిగా భోజనం పెట్టించాను. గుండెలో ఉన్నదంతా కక్కించాను. నిన్న రాత్రి హాయిగా గుర్రుపెట్టి పడుకున్నారు."

రాజు తన పాదాలకేసి చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా గడ్డిపరకలున్నాయి. పొట్ట కదిలింది, ఆపైన భుజాలు కదిలాయి, చివరికి సింహాసనం చేతులు పట్టుకుని పడీపడీ నవ్వాడు. తన బంగారు కడియం తీసి తిప్పన చేతికి తొడిగాడు. "రేపూ నాతో నడవాలి. ఆ దొంగ మళ్లీ లేస్తాడేమో" అన్నాడు.

గురవమ్మను విడిపించి తెచ్చారు. పడకగదిలో పేలిక కనబడగానే ఆమె మొహం విప్పారింది.

"గుర్తొచ్చింది. బాబుగారి గదికి గాలి రావడం లేదు, ఒక్క కిటికీ అయినా తెరవమని అడగాలనుకున్నాను."

రాజు తానే దగ్గరుండి మేకులన్నీ పీకించాడు. గురవమ్మ పేలిక విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ, గురవమ్మా. ఇదంతా నేను మరిచిపోతానేమోనని నామీద నాకే అనుమానంగా ఉంది."