గురివి సొరబుర్ర

ఊ కొట్టండి. మీరు ఊ కొడితేనే నాకు కథ నడుస్తుంది. ఏ రాజు ఏలిన కాలమో నాకు తెలీదు. ఆ ఏటి పేరు కూడా జనం మరిచిపోయారు. ఏరు మాత్రం ఉండేది. ఏటికి ఇవతల ఒక వైద్యశాల, అవతల ఒక గుడిసె. వైద్యశాల నిండా జనం. గుడిసెలో ఒక్కతే మనిషి. ఆ మనిషి పేరు గురివి.

గురివి చాకలి. వైద్యశాలలో రోగుల గుడ్డలు ఉతకడం ఆమె పని. నెత్తురు గుడ్డలు, చీము గుడ్డలు, పురిటి గుడ్డలు. పెళ్ళైన మూడో ఏడే మొగుడు వరదలో పోయాడు. పిల్లల్లేరు. రోగుల గుడ్డలు ముట్టుకునే మనిషని ఊళ్ళోవాళ్ళు ఆమె ఎదురైతే బాట దిగి నడిచేవాళ్ళు. తోటి చాకలివాళ్ళు కూడా రేవులో ఆమెకి వేరే బండ చూపించారు. అందరికంటే కింద, నీళ్ళు వెళ్ళిపోయే వైపు. గురివి ఆ బండతోనే మాట్లాడేది.

"ఏమే బండా, తిన్నావా?" అని అడిగేది.

బండ ఏమంటుంది? ఏమీ అనదు.

"నేనూ తినలేదులే," అనేది గురివి.

నవ్వకండి. పలకరించే మనిషి లేకపోతే మీరూ గోడలతో మాట్లాడతారు. అప్పుడు నవ్వు రాదు.

ఆ వైద్యశాలలో ముగ్గురు చెయ్యి తిరిగినవాళ్ళు ఉండేవాళ్ళు. నరహరి అని వైద్యుడు. ఎల్లమంద అని మంగలి. ఆదెమ్మ అని మంత్రసాని. వైద్యుడు తుమ్మముల్లుతో గడ్డలు పొడిచి చీము తీసేవాడు. గడ్డాలు గీసే కత్తిని చీములో పెట్టడానికి మనసొప్పక ఎల్లమంద గాజుపెంకుతో పుళ్ళు కోసేవాడు. ఆదెమ్మ వెదురుబద్దతో బొడ్డు కోసేది. వైద్యుడు గారు అనకుండా వైద్యుడు అంటున్నానేమిటని చూస్తున్నారు కదూ. అంటాను. అనాల్సిన చోటు వచ్చినప్పుడు అంటాను.

ఆ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. వైద్యుడు మంగలిని తన గదిలోకి రానివ్వడు. మంగలి మంత్రసానితో పలకడు. మంత్రసాని వైద్యుడికి ఎదురుపడదు. ఒకే కప్పు కింద మూడు మూలలు, మూడు చాపలు.

ఆ వైపు ఒక నమ్మకం ఉండేది. రోగం తీసిన ముల్లైనా పెంకైనా బద్దైనా ఇంట్లో ఉంటే రోగం మళ్ళీ తలుపు తడుతుందట. దాన్ని కింద పారేయకూడదు. పొయ్యిలో వేయకూడదు. ఒకరి చేతికి ఇవ్వకూడదు. ఆ రోగి నెత్తురు గుడ్డలోనే దోపి, మూటకట్టి, మూడు ముడులు బిగించి ఏటికి పంపాలి. ఏరు రోగాన్ని మోసుకుపోతుందట. మూట ఏటికి పంపాలని అందరికీ తెలుసు. ఏటి ఒడ్డున ఆ ముడులు విప్పేది ఎవరో ఒక్కరికీ పట్టలేదు.

ఒకరోజు గురివి మొదటి ముడి విప్పింది. రెండో ముడి విప్పింది. మూడో ముడి విప్పుతుంటే వేలికి తుమ్మముల్లు కసుక్కున దిగింది. వేలు బూరెలా ఉబ్బింది. పసరు కట్టుకుని వైద్యుడి గడప కింద నిలబడింది.

"సామీ, మూటలో ముల్లొచ్చింది. కాస్త పక్కన పెట్టిస్తారా?"

"నాది కాదు," అన్నాడు వైద్యుడు. "ఆ ఎల్లమందదయ్యుంటుంది."

కొన్నాళ్ళకి ఆ వేలు మానింది. ఇంకో వేలికి గాజుపెంకు కోసుకుంది. గురివి ఎల్లమంద దగ్గరికెళ్ళింది.

"మావా, మూటలో పెంకొచ్చింది."

"నాది కాదే," అన్నాడు ఎల్లమంద. "ఆదెమ్మనడుగు."

ఆ వేలూ మానింది. అరచేతిలో వెదురుబద్ద దిగింది. గురివి ఆదెమ్మ దగ్గరికెళ్ళింది.

"అత్తా, మూటలో బద్దొచ్చింది."

"నాది కాదే పిల్లా," అంది ఆదెమ్మ. "వైద్యుణ్ణే అడుగు."

నాది కాదు, నాది కాదు, నాది కాదు. తిరిగి తిరిగి మళ్ళీ మొదటి గడపకే వచ్చింది గురివి. ఈసారి లోపలికి చూసి ఏమీ అడగలేదు. ఇంటికి పోయింది.

ఆమె గుడిసె మీద సొరతీగ ఉండేది. ముదిరిన కాయ ఒకటి కోసి, ఎండబెట్టి, మెడకి కంత చేసి, గింజలన్నీ దులిపేసింది. గింజలు రేవు పక్కన పాతింది. బుర్రకి తాడు కట్టి తెచ్చి వైద్యశాల చూరుకి వేలాడదీసింది.

"ముల్లు ఇంట్లో ఉండకూడదన్నారు. ఇది ఇంట్లో లేదు, చూరుకి బయట ఉంది," అంది. "చేతికి ఇవ్వకూడదన్నారు. నా చేతికి ఇవ్వొద్దు, ఇందులో వెయ్యండి. చాప నుంచి చూరుకి మూడే అడుగులు."

ముగ్గురూ తలలూపారు. ముగ్గురూ కదల్లేదు. మంగలి ముట్టిన బుర్రని నేనెలా ముట్టేది అనుకున్నాడు వైద్యుడు. వైద్యుడు వేస్తే నేనూ వేస్తాను అనుకున్నాడు ఎల్లమంద. ఆ ఇద్దరూ వేశాక చూద్దాం అనుకుంది ఆదెమ్మ. మూడడుగులండీ! వాళ్ళు మజ్జిగ కోసం ముప్పై అడుగులు వేసేవాళ్ళు.

రోజూ పొద్దున మూట తీసుకోవడానికి వచ్చినప్పుడు గురివి బుర్రని చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. చప్పుడు లేదు. మర్నాడు ఊపేది. చప్పుడు లేదు.

"ఏమే బుర్రా, నిన్నూ ఎవరూ పలకరించలేదా?" అనేది. మళ్ళీ జాగ్రత్తగా చూరుకే తగిలించి, మూట నెత్తిన పెట్టుకుని ఏరు దాటేది.

కథల్లో ఏదైనా మూడుసార్లే జరగాలంటారు. ఏం చేయను? గురివి చేతికి నాలుగోసారి కూడా గుచ్చుకుంది. ఈసారి బొటనవేలి మొదట్లో, లోతుగా. మొదటిరోజు మణికట్టు వాచింది. రెండోరోజు మోచెయ్యి వాచింది. మూడోరోజు భుజం ఎత్తలేక, ఒళ్ళు కాలిపోతూ మంచం దిగలేదు. రాలేదేమని ఏరు దాటి వచ్చి అడిగినవాళ్ళు లేరు. నాకు కోపమొచ్చేది ఇక్కడే.

వైద్యశాల గడపలో ఒక మూట పడింది. రెండో మూట పడింది. మూడో మూట పడింది. ఉతికిన గుడ్డ ఒక్కటి మిగల్లేదు. పుళ్ళు కట్టు లేకుండా తెరిచి ఉన్నాయి, ఈగలు ముసురుతున్నాయి. లోపల ఒకామెకి నొప్పులు మొదలయ్యాయి.

"బిడ్డ తల కనపడుతోంది! పట్టుకోవడానికి ఒక్క గుడ్డ ముక్క లేదు!" అని ఆదెమ్మ కేకపెట్టింది. ఆ కేకకి వైద్యుడు తన పైపంచె తీసి లోపలికి విసిరాడు. బిడ్డ ఆ పంచెలో పడి కేరుమంది. తల్లీ బిడ్డా గట్టెక్కారు.

ఆ తరవాత ముగ్గురూ గడపలోకి వచ్చి మూడు మూటలకేసి చూశారు. ఉతకాలంటే ముందు విప్పాలి. విప్పడానికి ఇంకెవరూ లేరు. వైద్యుడు చతికిలబడి ముడి మీద చెయ్యి వేశాడు. మొదటి ముడి విప్పాడు. రెండో ముడి విప్పాడు. మూడో ముడి విప్పుతుంటే, "అబ్బా!" అన్నాడు.

వేలికి తుమ్మముల్లు దిగింది. ముల్లు మొదట్లో, జారకుండా పట్టుకోవడానికి చుట్టిన పసుపుదారం ఉంది. అలా దారం చుట్టేది ఆ నాలుగూళ్ళలో అతనొక్కడే. ఎల్లమంద రెండో మూట విప్పాడు. గాజుపెంకు దొరికింది. ఆదెమ్మ మూడో మూట విప్పింది. వెదురుబద్ద దొరికింది. ఈసారి నాది కాదని ఎవరూ అనలేదు.

ముగ్గురూ కలిసి ఏరు దాటారు. ఆ ముగ్గురూ కలిసి నడవడం ఊరు చూడటం అదే మొదలు.

గుడిసెలో గురివి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ మట్టిగోడ నిండా మూడు వరసలు గుచ్చి ఉన్నాయి. పసుపుదారం ముళ్ళు ఒక వరస. గాజుపెంకులు ఒక వరస. వెదురుబద్దలు ఒక వరస. ఎన్నేళ్ళవో! ఏది ఎవరిదో ఆమెకి మొదటిరోజు నుంచీ తెలుసు.

ఎల్లమంద అడిగాడు. "తెలిసి కూడా మమ్మల్నెందుకు అడిగావే?"

"ఒక్కరైనా 'నాది' అంటారేమోనని, మావా," అంది గురివి.

వైద్యుడు ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. మొగుడు పోయాక ఆ చెయ్యి పట్టుకున్న మనిషి అతనే. మందు నూరాడు, కట్టాడు. కట్టేటప్పుడే అతనికి తెలుసు, ఆలస్యమైపోయిందని. గురివికీ తెలుసు. ఆమె మందు గురించి అడగలేదు.

"నా బుర్ర మోగిందా సామీ?" అని అడిగింది.

ఎల్లమంద ఒక్క పరుగున ఏరు దాటి వెళ్ళి సొరబుర్ర తెచ్చాడు. వైద్యుడు గోడ మీద నుంచి పసుపుదారం ముల్లు పీకాడు. "ఇది నాది," అన్నాడు. టక్కుమని పడింది. ఎల్లమంద పెంకు పీకాడు. "ఇది నాది." టక్. ఆదెమ్మ బద్ద పీకింది. "ఇది నాదే తల్లీ." టక్.

ఇదిగో, ఇక్కడి నుంచి అంటాను. నరహరి వైద్యుడు గారు ఆ బుర్రని గురివి చెవి దగ్గర పెట్టి ఊపారు. గలగలమంది. గురివి మొహం విచ్చుకుంది.

"బాగా మోగుతోంది," అంది. "నా తరవాత వచ్చేదాన్ని రేవుకి ఒక్కదాన్నే పంపకండి సామీ. బండతో మాట్లాడి మాట్లాడి విసుగొచ్చేసింది," అంది. పొద్దు నడినెత్తికి రాకముందే కన్నుమూసింది.

పాడె మోయడానికి నలుగురు కావాలి. ఉన్నది ముగ్గురు, అందులో ఒకరు ఆడమనిషి. ఆదెమ్మ కొంగు బిగించి ఒక కొమ్ము కింద భుజం పెట్టింది. నాలుగో కొమ్ము కిందికి రేవులోంచి ఒక చాకలి తడి చేతులతో వచ్చాడు. గురివికి వేరే బండ చూపించింది అతనే.

రేవు పక్కన ఆమె పాతిన గింజలు మొలిచాయి. ఆ తీగ కాయలే ఆ చుట్టుపక్కల ప్రతి వైద్యశాల చూరుకీ బుర్రలయ్యాయి. ఇప్పటికీ అక్కడ ముల్లు వాడిన చెయ్యే మూడడుగులు వేస్తుంది. బుర్రలో వేస్తూ "నాది" అనాలి. నిండిన బుర్రని వైద్యుడే మోసుకెళ్ళి గోతిలో పూడ్చాలి. మూట కట్టేముందు వైద్యుడూ మంగలీ మంత్రసానీ ఒకరి పక్కన ఒకరు కూచుని వట్టి చేతులతో గుడ్డలు మూడుసార్లు తడుముతారు. "గురివి చెయ్యి?" అని ఒకరు అడుగుతారు. "భద్రం," అని మిగతా ఇద్దరూ అంటేనే ముడి పడుతుంది. రేవుకి ఎప్పుడూ ఇద్దరు వెళతారు.

కథ ఏరు దాటింది, మీరిక లేవండి. ఒక్కమాట విని లేవండి. ఆ ఇద్దరూ రేవులో దిగాక పైన ఖాళీ బండలున్నా అన్నింటికంటే కింది బండ దగ్గరికే వెళతారు. మూట దించి దాన్ని చేత్తో నిమురుతారు.

"ఏమే గురివీ, తిన్నావా?" అని అడుగుతారు.

బండ ఏమీ అనదు. అయినా అడగకుండా మూట విప్పరు.