కింకాబు అంగీ కుడి భుజం

మూడు నెలలు కూర్చుని తను బాగుచేసిన అంగీని వంటశాల గెదున్ వేసుకుంటాడని విన్నప్పుడు లుండుప్ చేతిలో కత్తెర ఉంది. దాన్ని బల్ల మీద పెట్టలేదు, విసిరాడు. అది గోడకి తగిలి దారపు ఉండల మధ్య పడింది.

కుట్టుగదిలో అప్పుడు ఉన్నది ఇద్దరే. ఒకడు లుండుప్. రెండోవాడు అతని గురువు పల్దెన్. డెబ్బై నాలుగేళ్ళ ముసలి భిక్షువు. లదాఖ్ కొండల్లోని ఆ చిన్న టిబెటన్ మఠానికి దర్జీ ఆయనే, నాట్యం నేర్పేదీ, అందులో ఎవరు ఏది ఆడాలో చెప్పేదీ ఆయనే. అక్కడివాళ్ళు గురువుని 'గెన్‌లా' అని పిలుస్తారు.

ఏటా చలికాలం చివర ఆ మఠంలో పండగ జరుగుతుంది. భిక్షువులు ముంగిట్లో నాట్యం చేస్తారు. చెడుని తరిమే నాట్యం అది, రౌద్రంగా ఉంటుంది. ముందుండి నడిపేవాడు నల్ల టోపీ పెట్టుకుని ఆ కింకాబు అంగీ వేసుకుంటాడు.

అది బెనారస్ మగ్గాల మీద నేసిన పట్టు. మేఘాల మధ్య జరీ డ్రాగన్లు. మూడు తరాల కిందట కంచరగాడిదల మీద కనుమలు దాటి టిబెట్ చేరింది. మొదట ఎవరో అధికారి ఒంటి మీద ఉంది. ఆయన పోయాక ఇంటివాళ్ళు మఠానికి ఇచ్చేశారు. ఆ దేశంలో మంచి పట్టు మనిషి దగ్గర కొన్నాళ్ళే ఉంటుంది. తర్వాత దేవుడి పటం అంచుకో, గ్రంథం చుట్టే గుడ్డకో, గురువు పీఠానికో చేరుతుంది. ఈ అంగీ చేతులు ఒక పెళ్ళికూతురి బట్టలోంచి వచ్చాయి. కింది అంచు ఒకప్పుడు గ్రంథానికి చుట్టిన గుడ్డ.

టిబెట్ వదిలి పారిపోయి వచ్చినప్పుడు పల్దెన్‌కి ఇరవై ఏళ్ళు. పదకొండు రోజులు మంచులో నడిచాడు. బరువు మోయలేక దుప్పటి దారిలో వదిలేశాడు. అంగీని మాత్రం వీపు మీద మోసుకొచ్చాడు.

పోయిన వానల్లో కప్పు కారి దాని కుడి భుజం కుళ్ళిపోయింది. లుండుప్ బెనారస్ వెళ్ళాడు. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న ముసలి నేతగాడి పక్కన ఇరవై ఒక్క రోజులు కాచుకున్నాడు. పాత ముక్క చూపించి అదే డ్రాగన్, అదే మేఘం నేయించుకున్నాడు. మూర గుడ్డ. దాన్ని తెచ్చి, డ్రాగన్ తోక పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఒంపు తిరిగేలా అతికాడు. పాతది ఎక్కడ ఆగి కొత్తది ఎక్కడ మొదలైందో అతనికి తప్ప ఎవరికీ కనిపించదు.

పైగా నాట్యంలో అతన్ని మించినవాడు అక్కడ లేడు. ఏడేళ్ళుగా వరసలో రెండోవాడిగా ఆడుతున్నాడు. ఇన్నాళ్ళూ ముందుండి నడిపిన భిక్షువు వయసు మీరి మానేశాడు కాబట్టి, ఈసారి అంగీ లుండుప్‌దేనని అందరూ అన్నారు. అతనూ అనుకున్నాడు.

"గెదున్‌కి అడుగు తాళంలో పడదు గెన్‌లా," అన్నాడు.

"పడదు," అని పల్దెన్ ఒప్పుకున్నాడు.

"పాతికేళ్ళు వంటశాలలో గుండిగలు మోశాడు. నడుం వంగదు."

"వంగదు."

"ఎవరు తిట్టినా నవ్వుతాడు. కోపమే రానివాడు రౌద్రం ఎలా ఆడతాడు?"

పల్దెన్ సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కింది. అప్పుడు తలెత్తాడు.

"నీకు వస్తుందా కోపం?"

"వస్తుంది."

"కనిపిస్తోంది. ఆ కత్తెర తెచ్చి ఇలా ఇవ్వు."

లుండుప్ కత్తెర తెచ్చి ఇచ్చాడు.

మర్నాటి నుంచి సాధన. గెదున్ వంట ముగించుకుని వచ్చేవాడు. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు. అంగీ ముట్టుకునే ముందు చేతులు మూడుసార్లు కడుక్కునేవాడు. అది చూస్తే లుండుప్‌కి ఇంకా మండేది. కడుక్కోకపోయి ఉంటే తిట్టడానికి ఏదో ఒకటి దొరికేది.

"ఈ చెయ్యి ఇటు తిప్పాలా, అటా?" అని గెదున్ అడిగేవాడు.

లుండుప్ వినిపించుకోనట్టు పక్కకి తిరిగేవాడు. ఒకసారి కావాలనే తప్పు చెప్పాడు. గెదున్ ఆ తప్పునే శ్రద్ధగా పదిసార్లు చేశాడు. అందరూ నవ్వారు. వాళ్ళతో పాటు తనూ నవ్వాడు.

ఒకరోజు గెదున్ అంగీని ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు కుట్టినచోట కళ్ళు మూసుకుని వేలితో వెతికాను లుండుప్. అతుకు దొరకలేదు. ఇది వేసుకుని ఎగరాలంటే భయంగా ఉంది," అన్నాడు.

"భయం తర్వాత. పప్పు వాసన అంటించకు, చాలు," అన్నాడు లుండుప్.

గెదున్ అతనికన్నా పదిహేనేళ్ళు పెద్ద. అంతకుముందు ఎప్పుడూ లుండుప్ ఆయన్ని ఏకవచనంతో పిలవలేదు. గెదున్ ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. అంగీని మడిచి పెట్టి, పొయ్యి మీద ఏదో ఉందంటూ వెళ్ళిపోయాడు.

పండగకి ముందురోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. లుండుప్ వెళ్ళలేదు. కుట్టుగదిలోకి వచ్చి తలుపు వేసి, అంగీని లోపలి వైపు తిప్పి బల్ల మీద పరిచాడు. పైనుంచి చూస్తే డ్రాగన్లు, మేఘాలు. లోపల అస్తరు గుడ్డ కింద అంతా వదులు దారాలు, ముడులు. కుడి భుజం దగ్గర అస్తరు విప్పి, తన కుట్లు తనే ఒక్కొక్కటిగా తెంపాడు. పైకి కనిపించకుండా అక్కడక్కడ నాలుగు ఉంచాడు.

గుడ్డకేం కాదు, దారమేగా అనుకున్నాడు. జనం ముందు అంగీ చెయ్యి ఊడి జారుతుంది. ఒక్కసారి నవ్వుతారు. ఇక జన్మలో ఎవరూ గెదున్‌ని ఆడమనరు. అస్తరు మళ్ళీ కుట్టేసి భోజనానికి వెళ్ళాడు. పప్పులో ఉప్పు సరిపోలేదని గెదున్ మీద అరిచాడు.

పండగ రోజు పొద్దున్నే కింది ఊళ్ళ జనం మంచులో నడిచి వచ్చి ముంగిలంతా నిండిపోయారు. పొడుగు బాకాలు ఊదారు. ముస్తాబు గదిలో పల్దెన్ ఎప్పటిలాగే అంగీ అతుకులన్నీ చేత్తో తడిమి చూశాడు. ఎడమ భుజం, వీపు, నడుం. కుడి భుజం దగ్గర చెయ్యి ఆగింది. బాకాలు ఒక విడత ఊది ఆపి, మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

"గెదున్, పొద్దుటి ఆట నేను ఆడతాను. నువ్వు మధ్యాహ్నం ఆడుదువుగాని," అన్నాడు.

"మీ మోకాళ్ళు, గెన్‌లా?" అన్నాడు గెదున్.

"ఉన్నాయి." లుండుప్ వైపు చూడకుండానే, "నువ్వు తొడుగు," అన్నాడు.

ఆ అంగీ ఒక్కడు వేసుకునేది కాదు, అంత బరువు. లుండుప్ వెనక నిలబడి ఎత్తి పట్టుకున్నాడు. ముసలాయన చేతులు దూర్చాడు. భుజం సర్దుతుంటే లుండుప్ వేళ్ళకి ఆ వదులు తగిలింది.

"అన్నీ సరిగ్గా ఉన్నాయా?" అన్నాడు పల్దెన్.

లుండుప్ వేళ్ళు అక్కణ్ణుంచి తీసేశాడు. ఈయనకి తెలుసు. తెలిసీ అందరి ముందూ నా నోటితో చెప్పించాలని చూస్తున్నాడు. ఎందుకు చెప్పాలి? కావాలంటే ఆయన్నే చెప్పమను. ఏడేళ్ళ కోపం ఒక్కసారి తలకెక్కింది.

"ఉన్నాయి గెన్‌లా."

"అయితే పద."

పల్దెన్ ముంగిట్లోకి నడిచాడు. మొదటి చుట్టు నెమ్మదిగా తిరిగాడు. రెండో చుట్టులో ఆ ముసలి ఒళ్ళు మారిపోయింది. లుండుప్ ఆయన దగ్గర పదేళ్ళు నేర్చుకున్నాడు గాని ఆయన ఆడటం ఎప్పుడూ చూడలేదు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. ఆ చూపు ఎవరి మీదా లేదు. జనంలో మాటలు ఆగిపోయాయి.

మూడో చుట్టులో కుడి చెయ్యి పైకి విసరగానే భుజం విడిపోయింది. ఆ నాలుగు కుట్లు తెగడంతో ఆగలేదు. బరువుకి పక్కనున్న పాత పట్టు కూడా చిరిగింది. కనుమలు దాటి వచ్చిన డ్రాగన్ నడుం దగ్గర రెండుగా చీలింది. అంగీ చెయ్యి జారి కాళ్ళకి చుట్టుకుంది. పల్దెన్ దాని మీద అడుగు వేసి, రాతి నేల మీద మోకాలితో పడ్డాడు.

బాకాలు ఆగాయి. ఎవరూ నవ్వలేదు.

పల్దెన్ ఒక చెయ్యి నేలకి ఆనించి లేచాడు. ఊడిన గుడ్డని మోచేతికి చుట్టుకున్నాడు. మంచులో భుజం బయటికి కనిపిస్తోంది. డప్పు వైపు చూసి తల ఊపాడు. డప్పు మొదలైంది. ఆట చివరిదాకా ఆడాడు. ఆయన వెనకే ఆడుతున్న లుండుప్‌కి తన అడుగులు ఎక్కడ పడుతున్నాయో తెలియలేదు.

ముస్తాబు గదిలోకి రాగానే గెదున్ గురువు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నావల్లే గెన్‌లా. నిన్న పొద్దున సాధనలో మోచెయ్యి గట్టిగా విసిరాను. అప్పుడే తెగి ఉంటుంది. మఠాధిపతి దగ్గరికి వెళ్ళి నేనే చెప్తాను." కళ్ళు తుడుచుకుంటూ తలుపు వైపు వెళ్ళాడు.

అప్పుడు కూడా లుండుప్‌కి ముందు వచ్చింది కోపమే. ఎవడు అడిగాడు ఇతన్ని, నా తప్పు నెత్తిన వేసుకోమని?

"ఎక్కడికీ వెళ్ళకు," అన్నాడు పల్దెన్ గెదున్‌తో. ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మోకాలు అప్పుడే వాచింది. "లుండుప్, సూది తీసుకురా."

"ముందు అంగీ తీసేయండి గెన్‌లా."

"బల్ల మీద పరిస్తే వంపు తప్పుతుంది. ఇలాగే కుట్టు. గెదున్, అంచులు దగ్గరికి పట్టుకో."

గెదున్ రెండు చేతులతో చీలిన అంచులు పట్టుకున్నాడు. లుండుప్ ఎడమ చెయ్యి గుడ్డకీ ఒంటికీ మధ్య పెట్టాడు, సూది దిగి గుచ్చుకోకుండా. పల్దెన్ భుజం మంచుముద్దలా ఉంది. ఆ చలి అతని అరచేతిలోకి ఎక్కుతోంది. చర్మం కింద ఎముక వణుకుతోంది. పదకొండు రోజులు ఈ బరువు మోసిన భుజం అదేనని గుర్తొచ్చింది.

మొదటి కుట్టు వేశాడు. రెండోదానికి సూది తన వేలిలోకే దిగింది.

"తప్పు జరిగిపోయింది గెన్‌లా," అన్నాడు.

"జరగదు," అన్నాడు పల్దెన్. "దానంతటది ఏదీ జరగదు."

ఆ గొంతులో కోపం ఉంది. ఆయన దగ్గర గడిపిన పదేళ్ళలో లుండుప్ ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

బయట జనం టీలు తాగుతున్న సందడి. లుండుప్ అన్నాడు, "కుట్లు నేనే విప్పాను. నిన్న మధ్యాహ్నం. మీరందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు." తల ఎత్తి గెదున్ ముఖంలోకి చూడాల్సి వచ్చింది. "మీరు నవ్వులపాలు కావాలని."

గెదున్ చేతులు అంచులు వదల్లేదు. ఒక్క క్షణం బిగుసుకున్నాయి. కాలిన మచ్చల వేళ్ళ చివర్లు తెల్లబడ్డాయి. ఈసారి నవ్వలేదు. తర్వాత ఆ రెండు అంచుల్నీ ఇంకాస్త దగ్గరికి లాగి పట్టుకున్నాడు.

పల్దెన్ ఎదురుగా గోడనే చూస్తున్నాడు.

"గట్టిగా కుట్టు," అన్నాడు. "మధ్యాహ్నం ఇది గెదున్ వేసుకుంటాడు."

లుండుప్ వేసిన కుట్టు విప్పేశాడు. దారం రెండు పేటలు చేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.