రెండు ఫోల్డర్లలో పైడమ్మ

"ఒక్క ఈమెయిల్‌కి ఇన్ని లేబుళ్ళు దేనికి గురువుగారూ? ఏదో ఒక ఫోల్డర్‌లో పెట్టేస్తే పని తెమిలిపోతుంది కదా" అని అడిగింది హేమలత.

తప్పిపోయినవాళ్ళ ఆచూకీ తీసే ఆ ఆశ్రమంలో ఆమె చేరి నెల కాలేదు. ఆశ్రమానికి మూడు ఈమెయిల్ ఖాతాలు. ఒకదానికి కుటుంబాలవాళ్ళు, ఒకదానికి ఆసుపత్రులు, ఇంకొకదానికి పోలీసులు రాస్తారు. అన్నీ ఒకేచోట చేరాక, ప్రతి ఉత్తరానికీ వయసు, భాష, ఊరు, ఒంటిమీది గుర్తు, దేనికది లేబుల్ తగిలించాలి. గురువు పద్మనాభం గారు ఆమెకు అప్పగించిన పని అది.

ఆయన వాదించలేదు. జరిగింది చెప్పారు.

ఆరేళ్ళ కిందట ఆ పని ఆయనే చేసేవారు. అప్పుడు లేబుళ్ళు లేవు, ఖాతాకో ఫోల్డర్ ఉండేది. బొబ్బిలి దగ్గర నుంచి అప్పలస్వామి అనే తాపీమేస్త్రి ఒక ఉత్తరం రాయించాడు. మతి స్థిమితం లేని అతని చెల్లెలు పైడమ్మ రైల్వే స్టేషన్లో తప్పిపోయింది. కుడిచేతి మీద తేలు పచ్చబొట్టు ఉంటుంది. గురువుగారు చదివి, కుటుంబాల ఫోల్డర్‌లో పెట్టారు. నాలుగు రోజులకు ఒడిశాలోని ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. పేరు చెప్పలేని తెలుగు ఆడమనిషి, విడవని జ్వరం, చేతిమీద తేలు పచ్చబొట్టు. 'అన్నయ్య వస్తాడు' అన్న మాట తప్ప ఇంకేమీ అనడం లేదు. అదీ చదివి, ఆసుపత్రుల ఫోల్డర్‌లో పెట్టారు.

అప్పలస్వామి కూలి మానుకుని రెండుసార్లు ఆశ్రమానికి వచ్చాడు. వచ్చినప్పుడల్లా గురువుగారు కుటుంబాల ఫోల్డర్ తెరిచి చూపించేవారు. "నీ ఉత్తరం ఇదిగో, భద్రంగా ఉంది" అనేవారు. అతను దండం పెట్టి వెళ్ళేవాడు.

మూడోవారం ఆసుపత్రి మళ్ళీ రాసింది. ఆ మనిషి పోయింది. ఎవరూ రాకపోతే మునిసిపాలిటీవాళ్ళే దహనం చేశారు. ఆ ఉత్తరం చదువుతుంటే గురువుగారికి తేలు గుర్తొచ్చింది.

ఆయనే బొబ్బిలి వెళ్ళారు. కట్టుబడి జరుగుతున్న గోడ దగ్గర నిలబడి అంతా చెప్పారు. అప్పలస్వామి తాపీ కింద పెట్టాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"నాకోసం అడిగిందేటి బాబూ?"

"అడిగింది. ఆసుపత్రి మొదటి ఉత్తరంలోనే ఉంది."

అతను తల వంచుకుని కూర్చుండిపోయాడు. తిట్టలేదు.

ఇంతవరకూ చెప్పి గురువుగారు ఆగారు. ఆయనకు ఊరట కలగాలని కాబోలు, హేమలత "ఇప్పుడు లేబుళ్ళున్నాయి కదండీ. 'పచ్చబొట్టు' అని వెతికితే రెండూ పక్కపక్కన కనబడతాయి. ఇక అలా జరగదు" అంది.

పద్మనాభం గారు చదవని ఉత్తరాల వైపు చూశారు. ఆ ఉదయానికి నూట పద్నాలుగున్నాయి.

"ఆ లేబుళ్ళు తగిలించేది మనమేనమ్మా" అన్నారు.