నాంచారి పటిక నీళ్ళు

ఒకానొక రాజ్యంలో పంటల కంటే అనుమానాలు బాగా పండేవి. ఆ రాజు పేరు రణభైరవుడు. ఆయన తినే ముద్దను ముందు ఒకడు రుచి చూడాలి, ఆ చూసినవాణ్ణి ఇంకొకడు కనిపెట్టుకుని ఉండాలి. రాణి నవ్వితే "ఎందుకు నవ్వావు?" అనేవాడు. నవ్వకపోతే "ఏం దాస్తున్నావు?" అనేవాడు.

ఆ అనుమానాలకు నీళ్ళు పోసి పెంచేవాడు మంత్రి భుజంగరాయుడు.

ఆ ఊరి ఏటి ఒడ్డున అద్దకంవాళ్ళ రేవు ఒకటుంది. అక్కడ నాంచారి, ఆమెతో పాటు పన్నెండుమంది ఆడవాళ్ళు గుడ్డల మీద కలంతో బొమ్మలు రాసి, రంగులద్ది బతికేవారు. మొగుడు పోయాక నాంచారి కలం పట్టిందని లోకం అనుకుంది. నిజానికి కలం మొదటినుంచీ ఆమె చేతిలోనే ఉంది. గుడ్డ మూలన పేరు మాత్రం ఆయనది ఉండేది.

ఒకరోజు రాజు ఆమెను పిలిపించాడు. తను గెలిచిన కొండకోట యుద్ధాన్ని కొలువుకూటానికి తెరగా రాసి తెమ్మన్నాడు.

"ఏనుగు మీద నేనుండాలి. నా అంగీ, జెండా, అంబారీ నిప్పులా ఎర్రగా ఉండాలి."

"వసంతోత్సవానికి తెర సిద్ధం కాకపోతే రేవు ఖాళీ చెయ్యాలి," అని పక్కనుంచి కలిపాడు మంత్రి. ఆ రేవు మీద ఆయన బావమరిది కన్ను ఎప్పటినుంచో ఉంది.

పారే నీళ్ళు లేకపోతే అద్దకం లేదు. రేవు పోతే పదమూడు ఇళ్ళలో పొయ్యి వెలగదు.

నాంచారి గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టింది. నల్లరంగుతో గీతలు గీసింది. తరువాత ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్ళు అద్దడం మొదలుపెట్టింది. పటిక నీళ్ళకు రంగుండదు. ఆరితే ఆనవాలు కూడా కనిపించదు. చివర్లో ఆ గుడ్డను ఎర్రరంగు వేరు వేసి ఉడికిస్తే, పటిక తాకిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. ఈ సంగతి రేవులో పసిపిల్లకైనా తెలుసు. కోటలో ఒక్కరికీ తెలియదు.

తనిఖీకి వచ్చిన మంత్రి ముక్కు చిట్లించాడు.

"ఏమే, వట్టి నీళ్ళు పులుముతున్నావేం?"

"ఇది ఎరుపండీ, మంత్రిగారూ."

"నేనేమన్నా గుడ్డివాణ్ణా?"

"ఉడికాక కనిపిస్తుందండీ."

"ఆడవాళ్ళు ఉడికించేది అన్నం. బొమ్మలు కాదు."

"ఏదైనా ఉడక్కముందే మూత తీసి చూస్తే ఇంతేనండీ," అంది వెనకనుంచి పోలక్క. ఆమె ఆ రేవులో అందరికంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. మిగతావాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మంత్రి అటునుంచి అటే రాజు దగ్గరికి పోయాడు. "అది మిమ్మల్ని మోసం చేస్తోంది ప్రభూ. మీ తెర మీద నీళ్ళు చల్లి కూర్చుంది."

ఇంకేం కావాలి? మర్నాడు మిట్టమధ్యాహ్నం రాజు ఇరవైమంది బల్లెంవాళ్ళతో రేవులోకి దిగాడు. గుడ్డ చూశాడు. ఏనుగు ఉంది, తనున్నాడు. అంగీ మాత్రం బోసిగా ఉంది.

"ఏదీ ఎరుపు?"

"గుడ్డలోనే ఉంది ప్రభూ. నమ్మకం లేకపోతే మంత్రిగారినే ఈ నీళ్ళతో ఏదైనా రాయమనండి. ఉడికించినప్పుడు ఆ రాత ఎర్రగా తేలకపోతే రేవు వదిలి పోతాం."

మంత్రి కలం లాక్కున్నాడు. గుడ్డ అంచు మీదికి ఒంగి, రాజుకు వీపు అడ్డం పెట్టి, రెండు ముక్కలు రాశాడు. నీళ్ళ రాతే కదా అని రాస్తూ రాస్తూ ముసిముసిగా నవ్వుకున్నాడు కూడా. మండే ఎండలో తడి ఇట్టే ఆరిపోయింది.

"ఏం రాశావు?"

"మహారాజుకు జయమని రాశాను ప్రభూ. ఏదీ, కనిపిస్తోందా?"

రాజుకు మంత్రి మీద కూడా అనుమానమే. "కలం ఇలా తే. అందరూ అటు తిరగండి," అన్నాడు. అందరూ తిరిగారు. పటిక ముంత పట్టుకున్న నాంచారి మాత్రం అక్కడే నిలబడింది. ముంతతో పాటు ఆమె కూడా ఒక వస్తువే అనుకున్నాడు కాబోలు, రాజు ఆమెను పట్టించుకోలేదు.

ఏళ్ళుగా ఎవరితోనూ అనలేని మాట ఒకటి ఆయన గొంతులో ఉండిపోయింది. నిలవని రాతకు భయమేముంది? బొమ్మలోని తన అంగీ మీద ఆ మాట రాశాడు. అది కూడా ఆరిపోయింది.

"నీళ్ళే," అన్నాడు. "మూడు రోజులు గడువు. నాలుగోనాడు కోట వాకిట్లో, అందరి ముందూ ఉడికించాలి."

ఆ మూడు రోజులూ బల్లెంవాళ్ళు కాపలా కాశారు. నాంచారి బొమ్మలోని అంగీ మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా పటిక అద్దింది. ఆరాక మళ్ళీ అద్దింది. కాపలావాళ్ళు పకపకా నవ్వారు. తెర అంచు జోలికి మాత్రం ఆమె పోలేదు. తరువాత గుడ్డను ఏటి నీళ్ళలో జాడించింది.

నాలుగోనాడు వాకిట్లో పెద్ద గంగాళం పొయ్యి మీదికెక్కింది. రాజు, రాణి ఎదురుగా కూర్చున్నారు. రాజు అనుమానం కొద్దీ ఆ రంగునీళ్ళు కూడా రుచి చూడమన్నాడు. రుచి చూసేవాడు మూతి ఎర్రగా చేసుకుని పక్కకు పోయాడు.

గుడ్డ మునిగింది. పోలక్క కర్రతో తిప్పుతోంది. ముందు జెండా ఎర్రబడింది. తరువాత అంబారీ. ఆ తరువాత పోలక్క కర్రతో పైకెత్తిన అంచు మీద అక్షరాలు తేలాయి.

"ఈ రాజు అనుమానానికి మేత వేసేది నేనే. వేసిందల్లా మేస్తాడు."

వాకిలంతా చదివింది. భుజంగరాయుడు గుంపు వెనక్కి జరగబోయాడు.

రాజు మంత్రి వైపు చూడనేలేదు. బొమ్మలోని తన అంగీ వైపే చూశాడు. "ఆపండి! మంట తీసెయ్యండి!"

నాంచారి పొయ్యి దగ్గరనుంచి కదలలేదు.

"ఇప్పుడు తీస్తే ఎరుపు చారలు చారలుగా ఉంటుంది ప్రభూ. అక్షరాలైతే ఆ చారల్లోనే కనిపిస్తాయి. అంగీ నిండుగా రావాలంటే ఇంకాస్త ఉడకాలి." అంటూ ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. "మీరెలా అంటే అలాగే."

ఎవరినైనా నమ్మడం రాజుకు అలవాటు లేని పని. "ఉడకనీ," అన్నాడు ఎట్టకేలకు.

గుడ్డ పైకి తీశారు. అంగీ మీద ఒక్క అక్షరం లేదు. అంతా ఒకటే ఎరుపు.

రాజు ఆమెను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "నేను రాసింది చదివావా?"

"ఏ మాట ప్రభూ? 'యుద్ధం నాడు నేను డేరా దాటలేదు' అన్నదా? అది నేను చదవలేదండీ. చుట్టూ పటిక నింపేసరికి అక్షరాలు ఎరుపులో కలిసిపోయాయి."

"మరి మంత్రి రాతను ఎందుకు నింపలేదు?"

"అంచుకు రంగు వెయ్యమని మీరు చెప్పలేదు కదండీ."

రాజు నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"వీణ్ణి నీ రేవులో గుడ్డలు పిండే పనికి పెట్టనా?" అన్నాడు మంత్రిని చూపించి.

"వద్దు బాబూ, మా నీళ్ళు పాడవుతాయి," అంది పోలక్క. భుజంగరాయుణ్ణి పొలిమేర దాటించారు.

"ఏం కావాలో కోరుకో నాంచారీ."

"రేవును మా పదమూడుమంది పేరున రాసివ్వండి ప్రభూ. తెర మూలన నా పేరు నేను రాసుకుంటాను." ఇంకో మాట కూడా అంది, "తమరు రాసిచ్చేది మాత్రం నల్లరంగుతో ఉండాలి. మొదటినుంచీ అందరికీ కనిపించాలి."

రాజు అక్కడికక్కడే నల్లరంగుతో రాసిచ్చాడు. నవ్వు మాత్రం ఆగలేదు.

పక్కనే కూర్చున్న రాణి ఆయన వైపు అనుమానంగా చూసింది.

"ఎందుకు నవ్వారు?" అని అడిగింది.